తీసేసినా తిరిగి వచ్చే వైరస్

ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పగలు దాని ముందు పిల్లలు పాఠాలు వింటారు. సాయంత్రం ఇంటి యజమాని దుకాణం లెక్కలు చూసుకుంటాడు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో అమ్మ మాట్లాడేదీ దాని ముందు కూర్చునే. పెళ్ళి ఫొటోలు, చనిపోయిన తాతగారి గొంతు వినిపించే వీడియో, పాస్‌పోర్టు, ఆధార్ ప్రతులు అన్నీ అందులోనే ఉంటాయి. అటువంటి కంప్యూటర్‌కు ఒకరోజు వైరస్ సోకుతుంది. తెరిచీ తెరవకముందే ప్రకటనలు మీద పడతాయి. వెతికేది ఒకటైతే తెరుచుకునేది మరొకటి. వీధి చివర మరమ్మతు దుకాణంలో ఇస్తే శుభ్రం చేసి ఇస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఐదో రోజు మళ్ళీ అదే తంతు.

ఇటువంటి అనుభవం ఎదురైనవారు సాధారణంగా రెండు నిర్ణయాలలో ఏదో ఒకటి తీసుకుంటారు. ‘ఈ కంప్యూటర్ పని అయిపోయింది’ అని దానిని మూలన పడేస్తారు. లేదా ‘ఇంతే, ఏం చేస్తాం’ అని ఆ వైరస్‌తోనే కాలం గడుపుతారు. మొదటి దానివల్ల డబ్బు దండగ. రెండవ దానివల్ల అంతకు మించిన నష్టం. ఎందుకంటే తెరమీద కనిపించే ప్రకటన చిన్న బాధ. తెర వెనుక మన బ్యాంకు పాస్‌వర్డును ఎవరైనా కాజేస్తుంటే అది కనిపించదు.

తిరిగి వచ్చే వైరస్ గురించి ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. చాలాసార్లు అది తిరిగి రాలేదు, అసలు వెళ్ళనేలేదు. గోడమీద చెదలు కట్టిన మట్టి దారిని చీపురుతో దులిపేస్తే గోడ శుభ్రంగానే కనిపిస్తుంది. నేలలో పుట్ట అలాగే ఉంటే వారం తిరగకుండా మట్టి దారి మళ్ళీ లేస్తుంది. కంప్యూటర్‌లోనూ అంతే. మనం తీసేది దారిని. పుట్ట ఎక్కడుందో తెలుసుకుని, దానిని తవ్వి తీసినప్పుడే పని పూర్తవుతుంది.

పుట్టలు ఎక్కడెక్కడ ఉంటాయి?

హాని చేయడానికి తయారైన ప్రోగ్రాములన్నిటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. వాడుకలో మనం వాటన్నిటినీ వైరస్ అనే పిలుస్తున్నాం. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లను పట్టుకుంది. దానిని తయారు చేసినవారి ఆచూకీ చెప్పిన వారికి మైక్రోసాఫ్ట్ సంస్థ 2,50,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. అది పట్టిన కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్లు ఆగిపోయేవి, యాంటీవైరస్ సంస్థల వెబ్‌సైట్లు తెరుచుకునేవి కావు. ఒక కంప్యూటర్‌లో తీసేసినా పెన్‌డ్రైవ్‌లోనో, అదే నెట్‌వర్కులోని మరో కంప్యూటర్‌లోనో మిగిలి ఉండి మళ్ళీ సోకేది. అంటే రోగిని మందుకు దూరం చేయడం, పక్కింట్లో దాగి ఉండటం రెండూ దానికి తెలుసు. నేటి మాల్‌వేర్ కూడా ఇటువంటి ఉపాయాల మీదనే బతుకుతోంది.

మొదటి స్థావరం స్టార్టప్ జాబితా. కంప్యూటర్ ఆన్ చేయగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు ఇందులో ఉంటాయి. రెండవది టాస్క్ షెడ్యూలర్. ఫలానా సమయానికి ఫలానా పని చేయమని విండోస్‌కు అప్పగించే చోటు ఇది. మాల్‌వేర్ ఇక్కడ ఒక చిన్న ఆజ్ఞను దాచి ఉంచితే, అసలు ఫైలును మనం తొలగించినా గంట తర్వాత ఇంటర్నెట్ నుంచి మళ్ళీ దిగుతుంది. మూడవది యాంటీవైరస్‌లోని మినహాయింపుల జాబితా. ‘ఈ ఫోల్డరును పరీక్షించవద్దు’ అని మాల్‌వేర్ తన పేరును తానే అక్కడ రాసుకుంటుంది. ఇక ఎన్నిసార్లు స్కాన్ చేసినా ‘ఏమీ లేదు’ అనే సమాధానమే వస్తుంది. దొంగే కాపలావాడికి సెలవు మంజూరు చేయడం లాంటిది ఇది.

నాలుగవది బ్రౌజర్. క్రోమ్‌లో మన ఖాతాతో ప్రవేశించి సింక్ పెట్టుకుంటే, చెడ్డ ఎక్స్‌టెన్షన్ కూడా ఖాతాలో భద్రంగా ఉండిపోతుంది. కంప్యూటర్ మొత్తం తుడిచి కొత్తగా విండోస్ వేయించినా, ఖాతా తెరిచిన మరుక్షణం అది దిగివస్తుంది. ఐదవది పెన్‌డ్రైవ్. ఆరవది, ఎవరూ చూడనిది, ఇంట్లోని వైఫై రూటర్. 2011 నవంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఛేదించిన డీఎన్‌ఎస్ ఛేంజర్ ముఠా 100కు పైగా దేశాలలో సుమారు 40 లక్షల కంప్యూటర్లను తప్పుదారి పట్టించింది. వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ అమరికను మార్చివేస్తే, మనం ఒకటి అడిగితే మరొకటి వస్తుంది. ఆ ముఠా మాల్‌వేర్ కొన్ని ఇళ్ళలో రూటర్ అమరికలను కూడా మార్చింది.

వైరస్ కానిది కూడా ఉంటుంది

శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు ఒక్క విషయం సరిచూసుకోవాలి. తెర కుడివైపు కింద మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అంటూనో, అసభ్యమైన బొమ్మలతోనో వచ్చే చిన్న పెట్టెలు చాలావరకు వైరస్ కాదు. ఏదో వెబ్‌సైటు తెరిచినప్పుడు ‘అలౌ’ అనే బొత్తాన్ని ఎవరో నొక్కి ఉంటారు. ఆ వెబ్‌సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి దొరికింది, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘నోటిఫికేషన్స్’ తెరిచి, తెలియని పేర్లన్నిటినీ తొలగిస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతాయి.

ఇది సాంకేతిక విషయం మాత్రమే కాదు. ఇటువంటి అసభ్య ప్రకటన కనిపించగానే ఇంట్లో పెద్దల చూపు యుక్తవయసులో ఉన్న కొడుకు మీదకు మళ్ళుతుంది. సినిమా కోసమో, పాఠ్యపుస్తకం పీడీఎఫ్ కోసమో, చివరకు క్రికెట్ స్కోరు కోసమో వెతికినవారికి కూడా ఇవి అంటుకుంటాయని చాలామందికి తెలియదు. ఆధారం లేని అనుమానం ఎంత చెడ్డదో మన కుటుంబాలకు వేరుగా చెప్పనవసరం లేదు. పిల్లవాడిని నిలదీసిన ఇంట్లో తర్వాతిసారి ఏమవుతుందో ఆలోచించండి. ఏదైనా పొరపాటు నొక్కితే భయపడి దాచిపెడతాడు. దాచిన ఆ మూడు రోజులే మాల్‌వేర్‌కు కావలసిన గడువు.

అలాగే తెరనిండా హెచ్చరిక వచ్చి, దానిలో ‘వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోన్ నంబరు ఉండదు. అటువైపు వారు చెప్పినట్లు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్ వేసుకుంటే, తాళం చెవి స్వయంగా చేతికి ఇచ్చినట్లే.

మొదటి గంటలో చేయవలసినవి

నిజంగానే మాల్‌వేర్ ఉందని అనిపిస్తే మొట్టమొదట ఇంటర్నెట్ తీసివేయాలి. వైఫై ఆపండి, తీగ ఉంటే ఊడదీయండి. బయటినుంచి కొత్త ఫైళ్ళు దిగడం, మన సమాచారం బయటికి పోవడం రెండూ దీనితో ఆగుతాయి.

తర్వాత ఇంట్లోని వేరే ఫోను తీసుకుని పాస్‌వర్డులు మార్చాలి. చాలామంది ఈ పనిని చివరకు వదిలేస్తారు, లేదా వైరస్ ఉన్న కంప్యూటర్ మీదనే చేస్తారు. దానివల్ల కొత్త పాస్‌వర్డు కూడా దొంగ చేతికే వెళుతుంది. ముందు ఈమెయిలు, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగిలినవి అనే వరుస పాటించండి. ఎందుకంటే ఈమెయిలు చేతికి చిక్కితే మిగిలిన పాస్‌వర్డులన్నీ మార్చుకునే వీలు దొంగకు కలుగుతుంది. నేటి మాల్‌వేర్‌లో కొన్ని రకాలు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులతోపాటు కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. ఆ కుకీలు ఉంటే పాస్‌వర్డు అడగకుండానే ఖాతా తెరుచుకుంటుంది. కాబట్టి పాస్‌వర్డు మార్చిన తర్వాత, ఖాతా సెట్టింగ్స్‌లో కనిపించే పరికరాలన్నిటి నుంచీ బయటకు వచ్చేలా ‘సైన్ అవుట్’ చేయాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే బ్యాంకుకు, 1930 నంబరుకు ఆలస్యం లేకుండా ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక నేరాల కోసం ప్రభుత్వం నడుపుతున్న సహాయవాణి. డబ్బు చేతులు మారకముందే ఆపగలగడం మనం ఎంత త్వరగా చెప్పామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

మూడవ పని, ముఖ్యమైన ఫైళ్ళను బయటి హార్డ్‌డిస్కులోకి దించుకోవడం. ఫొటోలు, వీడియోలు, పత్రాలు మాత్రమే తీసుకోండి. ప్రోగ్రాములు, ఇన్‌స్టాలర్లు, పేరు చివర ‘ఈఎక్స్‌ఈ’ అని ఉండే ఫైళ్ళు వద్దు. పీడీఎఫ్ బొమ్మ కనిపించినా పేరు చివర ‘ఈఎక్స్‌ఈ’ ఉంటే అది పీడీఎఫ్ కాదు. పని కాగానే ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి.

శుభ్రం చేసే వరుస

విండోస్ నడుస్తున్నప్పుడు మాల్‌వేర్ కూడా నడుస్తూ ఉంటుంది, తనను తాను కాపాడుకుంటుంది. అందుకే విండోస్ లేవకముందే దానిని పట్టుకోవాలి. ఇందుకు విండోస్ 10, 11లలో డబ్బు కట్టనవసరం లేని సాధనం ఉంది. ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిచి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’లో ‘స్కాన్ ఆప్షన్స్’ చూడండి. వీలైతే కొద్దిసేపు ఇంటర్నెట్ కలిపి డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి, మళ్ళీ ఆపేయండి. మొదట కింద ఉండే మినహాయింపుల జాబితాకు, అంటే ‘ఎక్స్‌క్లూజన్స్’కు వెళ్ళండి. అక్కడ మీకు తెలియకుండా చేరిన ఫోల్డర్లన్నిటినీ తీసివేయండి. ఆ తర్వాతనే ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ మొదలై, విండోస్ లేవకముందే పరీక్ష జరుపుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది. మినహాయింపులు తీయకుండా స్కాన్ చేయడం, గదికి తాళం వేసి ఇల్లంతా వెతకడం వంటిది.

స్కాన్ పూర్తయ్యాక మిగిలిన స్థావరాలను మన చేతులతో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ భాగంలో తెలియని పేర్లను ఆపివేయండి. తర్వాత టాస్క్ షెడ్యూలర్ తెరిచి చూడండి. అర్థం లేని అక్షరాల పేర్లున్నవి, ‘యాప్‌డేటా’, ‘టెంప్’ ఫోల్డర్ల నుంచి నడిచేవి అనుమానించదగినవి. వాటిని వెంటనే చెరిపివేయకుండా ముందు ‘డిసేబుల్’ చేసి, రెండు మూడు రోజులు కంప్యూటర్ నడకను గమనించండి. విండోస్‌కు అవసరమైనదాన్ని పొరపాటున తీసివేసే ప్రమాదం అప్పుడు ఉండదు. ఈ స్థావరాలన్నిటినీ ఒకేచోట చూపించే ‘ఆటోరన్స్’ అనే ఉచిత సాధనాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థే ఇస్తోంది. కొంత అనుభవం ఉన్నవారికి అది బాగా ఉపయోగపడుతుంది.

బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లను తీసివేసి, సెట్టింగ్స్‌ను మొదటి స్థితికి తెచ్చే ‘రీసెట్’ వాడండి. అదే ఖాతా ఇంట్లో ఇంకా ఏ కంప్యూటర్‌లో ఉందో చూసి, అక్కడ కూడా ఆ ఎక్స్‌టెన్షన్‌ను తొలగించండి. ఒకచోట తీసి మరొకచోట వదిలేస్తే సింక్ దానిని మళ్ళీ మోసుకొస్తుంది.

పెన్‌డ్రైవ్‌లలో కనిపించే షార్ట్‌కట్ వైరస్ మరొక రకం. మన ఫోల్డర్ల స్థానంలో వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు ఉంటాయి. ఫైళ్ళు పోయాయని కంగారుపడి, వాటిని నొక్కి చూడకండి, ఫార్మాట్ చేయకండి. ఫైళ్ళు సాధారణంగా అక్కడే దాగి ఉంటాయి. శుభ్రమైన కంప్యూటర్‌లో ముందు పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసి, దాచిన ఫైళ్ళను, సిస్టమ్ ఫైళ్ళను చూపించే అమరిక పెడితే అవి కనిపిస్తాయి.

ఇంట్లోని ఫోన్లలో కూడా వెబ్‌సైట్లు దారితప్పుతుంటే లోపం రూటర్‌లో ఉండవచ్చు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థవారిని పిలిచి, వారి సమక్షంలో రూటర్‌ను రీసెట్ చేయించి, దాని అడ్మిన్ పాస్‌వర్డును తప్పక మార్పించండి. వైఫై పాస్‌వర్డు వేరు, అడ్మిన్ పాస్‌వర్డు వేరు.

ఎప్పుడు చేతులెత్తేయాలి?

ఇంత చేసినా తిరిగి వస్తే, లేదా బ్యాంకు వివరాలు పోయాయన్న ఆధారం దొరికితే, ఇక వెతకడం మాని విండోస్‌ను పూర్తిగా తుడిచి కొత్తగా వేయడమే మేలు. శుభ్రంగా ఉన్న మరో కంప్యూటర్ మీద మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుంచి ‘మీడియా క్రియేషన్ టూల్’ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి. దానితో మొదలుపెట్టి, పాత డ్రైవు భాగాలన్నీ తొలగించి విండోస్ వేయాలి. ‘సీ’ డ్రైవును మాత్రమే తుడిచి ‘డీ’ డ్రైవును వదిలేసే అలవాటు మన మరమ్మతు దుకాణాలలో ఎక్కువ. పాత ఇన్‌స్టాలర్లలో దాగిన మాల్‌వేర్ ‘డీ’ డ్రైవులోనే మిగిలిపోతుంది.

ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే రాన్‌సమ్‌వేర్ సంగతి వేరు. దానిని తొలగించినా తాళం ఊడదు. డబ్బు కట్టినా తాళం చెవి ఇస్తారన్న హామీ లేదు. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, మరికొన్ని సంస్థలు కలిసి 2016లో ‘నో మోర్ రాన్‌సమ్’ అనే వెబ్‌సైటు ప్రారంభించారు. కొన్ని రకాల రాన్‌సమ్‌వేర్‌కు తాళం చెవులు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. ఈరోజు దొరకకపోయినా తాళం పడిన ఫైళ్ళను చెరిపివేయకుండా దాచుకోండి. తర్వాత దొరికిన సందర్భాలున్నాయి.

2017 మే నెలలో వచ్చిన వానాక్రై 150కి పైగా దేశాలలో కంప్యూటర్లకు ఇలాగే తాళం వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. అది చొరబడిన కన్నాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే విడుదల చేసింది. ‘తర్వాత చేద్దాం’ అనుకున్నవారే ఎక్కువగా నష్టపోయారు. ఈ దృష్టితోనే మరొక మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానినే వాడుతున్నవారు విండోస్ 11కు మారడమో, పాత కంప్యూటర్ అయితే ఉబుంటు వంటి ఉచిత లినక్స్ వేసుకోవడమో ఆలోచించాలి.

పుట్టకు మూలం

ఇళ్ళలోని కంప్యూటర్లకు మాల్‌వేర్ ఎక్కువగా ఏ దారిన వస్తోందని అడిగితే, దొంగ సాఫ్ట్‌వేర్ పేరు మొదటి వరుసలోనే చెప్పాలి. విండోస్‌ను, ఆఫీసును ‘యాక్టివేట్’ చేసే క్రాక్‌లు, తెలుగు, ఉర్దూ టైపు చేసే ప్రోగ్రాముల దొంగ ప్రతులు, డబ్బు కట్టకుండా ఆడే ఆటలు ఈ కోవలోనివే. ‘ముందు యాంటీవైరస్ ఆపండి, తర్వాత దీనిని నడపండి’ అని వాటితోపాటు సూచన ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఇంటి కాపలా పోతుంది. ఇళ్ళలోని కంప్యూటర్లను విస్తారంగా దెబ్బతీసిన ‘స్టాప్’ అనే రాన్‌సమ్‌వేర్ ప్రధానంగా ఇటువంటి క్రాక్‌ల వెంటనే వచ్చింది.

ఐబీఎం పీసీలకు సోకిన మొట్టమొదటి వైరస్‌గా పేరొందిన ‘బ్రెయిన్’ కథ కూడా దీనితోనే ముడిపడి ఉంది. 1986లో లాహోర్‌కు చెందిన బాసిత్ ఫారూఖ్ అల్వీ, అమ్జద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు దానిని రాశారు. తాము తయారు చేసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను కొందరు అనుమతి లేకుండా నకలు చేసుకుంటున్నారని, వారిని పట్టుకోవడానికే రాశామని చెప్పారు. అందులో తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టారు. అది ఫ్లాపీల మీద ఎక్కి దేశాలు దాటిపోయింది. నకలు తీసినవారితోపాటు ఏ పాపమూ ఎరుగనివారి కంప్యూటర్లకూ అంటుకుంది. ఒకరి కష్టాన్ని సొమ్ము చెల్లించకుండా వాడుకున్నవారి తప్పూ, దానికి శిక్షగా ఇటువంటిది వదిలినవారి తప్పూ చివరకు ఊరందరి మీదా పడ్డాయి.

పరుల సొమ్ము మనకు ధర్మం కాదని దుకాణంలో, పొలం గట్టు దగ్గర పిల్లలకు నేర్పుతాం. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి ‘అందరూ చేస్తున్నదే’ అంటాం. పైసా ఖర్చు లేకుండా న్యాయంగా దొరికేవి ఉండగా ఆ అవసరం కూడా లేదు. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రే ఆఫీసు ఉంది. తెలుగు, ఉర్దూ టైపు చేసే సదుపాయం విండోస్‌లోనే ఉంది. ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ‘క్రాక్ చేసినది వేయవద్దు’ అని ముందే చెప్పండి. చెప్పకపోతే శుభ్రం చేసిన చేతితోనే మళ్ళీ వేసి ఇచ్చే అవకాశం ఉంది.

ఇల్లు శుభ్రపడ్డాక

చివరగా మూడు ఏర్పాట్లు చేసుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఖాతా పెట్టండి. అవన్నీ ‘స్టాండర్డ్’ ఖాతాలుగా ఉండాలి. కొత్త ప్రోగ్రాములు వేసే అధికారం ఉన్న అడ్మిన్ ఖాతా వేరుగా ఉండాలి, రోజువారీ పనులకు దానిని పెద్దలు కూడా వాడకూడదు. రెండవది, నెలకు ఒకసారి ముఖ్యమైన ఫైళ్ళను బయటి డిస్కులోకి తీసుకుని, దానిని కంప్యూటర్‌కు తగిలించి ఉంచకుండా బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కుకు కూడా రాన్‌సమ్‌వేర్ తాళం వేస్తుంది. మూడవది, ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2017 నుంచి నడుపుతున్న ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రం’ వెబ్‌సైటులో మాల్‌వేర్‌ను తొలగించే సాధనాలు ఉచితంగా ఉన్నాయని గుర్తుంచుకోండి.

వీటన్నిటితోపాటు ఇంట్లో ఒక మాట అనుకోండి. ఎవరు పొరపాటున ఏది నొక్కినా అదే నిమిషంలో చెప్పాలి, చెప్పినవారిని ఎవరూ కోప్పడకూడదు. నాన్న నొక్కినా, నానీ నొక్కినా, పదేళ్ళ పిల్ల నొక్కినా ఒకటే నియమం. వెంటనే చెప్పిన ఇంట్లో వైఫై ఆపితే సగం ప్రమాదం తప్పిపోతుంది.